సంఖ్య నుండి పేరు దాకా

తరగతిలో అడుగుపెట్టగానే ఉపాధ్యాయుడు చేసే మొదటి పని పేర్లు చదవటం. హాజరు పట్టిక తెరిచి, ఒక్కొక్క పేరే పిలిచి, "ప్రెజెంట్ సార్" అనో "హాజిర్ సార్" అనో వచ్చే జవాబు విని, ఎదుటి గడిలో గుర్తు పెట్టుకొంటూ పోతాము. ఏండ్ల తరబడి చేస్తున్న పని గావున ఇందులో ఆలోచించదగినది ఏమున్నదని అనిపించటం సహజం. కాని ఆ పట్టికలో అక్కడక్కడ ఎర్రసిరా గీతలు ఉంటాయి. చదువు మానివేసిన వారి పేర్ల మీద గీసిన గీతలు అవి. సంవత్సరాంతంలో పట్టిక మూసేటప్పుడు వాటి వంక ఒక్కసారి చూచి, లెక్క సరిచూచుకొని, కార్యాలయంలో ఒప్పగిస్తాము. అంతటితో ఆ పేర్లతో మన సంబంధం తీరిపోతుంది.

నాలుగేండ్ల క్రిందట డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక విద్యార్థిని ఉండేది. ఇంటిలో మాట్లాడేది ఉర్దూ, బడిలో చదివినది తెలుగు. ఆమె వ్రాసిన వ్యాసంలో దోషం వెదికి పట్టుకోవటం నాకు కష్టంగా ఉండేది. పద్యం చదివితే పదవిభాగం ఎక్కడా చెడేది కాదు. రెండవ సంవత్సరం ఆగస్టు నెలలో ఒకనాడు ఆమె పేరు పిలిచాను, జవాబు రాలేదు. మరునాడూ రాలేదు. వారం గడిచిన తర్వాత ప్రక్కన కూర్చునే అమ్మాయి లేచి "ఆమె ఇక రాదు సార్" అన్నది. ఎందుకని నేను అడగలేదు. నెల తిరిగిన పిదప ఆ పేరు మీద గీత గీసినది నా చేయే.

ఏడాదిన్నర తర్వాత బజారులో ఆమె తండ్రి కనిపించాడు. మాటల సందర్భంలో అమ్మాయి చదువు ఎందుకు మాన్పించారని అడిగాను. "మానిపించాలని మాకూ లేదు సార్. సాయంత్రం వాళ్ళ అన్న మోపెడ్ మీద వచ్చి తీసుకుపోయేవాడు. వాడు దుబాయి పోయాడు. మా ఊరి బస్సు నాలుగుంబావుకు పోతుంది. మీ కాలేజీ నాలుగున్నరకు వదులుతారు. తర్వాతి బస్సు ఏడింటికి. ఆడపిల్ల చీకటిపడి రావటం ఇంటిలో ఒప్పుకోలేదు" అన్నాడు. కొంచెం ఆగి, "కాలేజీ నుంచి ఎవరైనా అడుగుతారేమో అని చూచాం సార్. ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఒక తెలివిగల పిల్ల చదువుకు, ఆమె ఆగిపోవటానికి మధ్య ఉన్నది పదిహేను నిమిషాలు. చివరి పీరియడును ఒక్క పదిహేను నిమిషాలు ముందుకు జరిపితే, లేదా ఆ పీరియడును ఉదయానికి మార్చితే సరిపోయేది. అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు.

ఈ మాట మనసులో మెదలుతూ ఉండగానే ఒక చిన్న ఆకాశశిల చరిత్ర నేను చదవటం తటస్థించింది. దాని సంఖ్య 316201. దానికి పెట్టిన పేరు మలాలా. ఆ పేరు దానికి ఎట్లా వచ్చిందో తెలుసుకొన్నకొద్దీ, మన హాజరు పట్టికలో మనం చేయవలసిన పని ఒకటి నాకు స్పష్టంగా కనిపించింది. ఆ సంగతిని విద్యార్థినీ విద్యార్థులకు, గౌరవనీయులైన పాలకవర్గ సభ్యులకు విన్నవించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కుజ గ్రహానికి, గురు గ్రహానికి నడుమ సూర్యుని చుట్టూ తిరిగే శిలాఖండాలు లక్షలాదిగా ఉన్నాయి. వీటిని గ్రహశకలాలు అంటారు. వీటిలో మొట్టమొదటిదాన్ని 1801 జనవరి 1వ తేదీ రాత్రి ఇటలీ దక్షిణాన ఉన్న పలెర్మో నగరంలో గిసెప్పె పియాజీ అనే పండితుడు చూచాడు. నలభై రోజుల పాటు దాని కదలికను గుర్తించాడు. అంతలో అది సూర్యుని వెలుగులోకి జరిగి కనబడకుండా పోయింది. మరల ఎక్కడ వెదకాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు జర్మనీలో ఇరువది నాలుగేండ్ల గణితవేత్త గౌస్, పియాజీ గుర్తించిన ఆ కొద్దిపాటి స్థానాలనే ఆధారంగా తీసుకొని దాని దారిని లెక్కగట్టాడు. ఆ లెక్క చూపిన చోటనే అదే సంవత్సరం డిసెంబరు 31వ తేదీన ఆ శకలం తిరిగి దొరికింది. అదే సెరిస్. చూడటం ఒక ఎత్తు, పోయినదాన్ని తిరిగి పట్టుకోవటం మరొక ఎత్తు. మొదటి పని చేసినవాడికి ఎంత కీర్తి వచ్చిందో రెండవ పని చేసినవాడికీ అంత కీర్తి వచ్చింది.

మన తెలుగులో కనిపెట్టటం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కొత్తగా కనుగొనటం ఒకటి. కంటికి రెప్పలా చూచుకొంటూ ఉండటం రెండవది. పసిపిల్లను కనిపెట్టి ఉండమని తల్లి పెద్దకూతురికి చెప్పి నీళ్ళకు పోతుంది. గ్రహశకలాల శాస్త్రంలో ఈ రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి. కనిపెట్టినవాడు కనిపెట్టి ఉండకపోతే ఆ శకలానికి పేరు రాదు.

పేరు పెట్టే పద్ధతి ఇది. ఎవరైనా ఒక కొత్త శకలాన్ని చూచినప్పుడు దానికి మొదట తాత్కాలికంగా ఒక గుర్తు ఇస్తారు. మలాలా శకలానికి ఇచ్చిన తాత్కాలిక గుర్తు 2010 ఎం.ఎల్.48. ఇందులో 2010 అనేది సంవత్సరం. ఎం అనే అక్షరం జూన్ నెల ఉత్తరార్ధాన్ని తెలుపుతుంది. ఎల్ అనే అక్షరం, దాని ప్రక్కనున్న 48 కలిసి ఆ పదిహేను రోజులలో నమోదైన వాటిలో అది 1,211వది అని చెబుతాయి. మన ప్రవేశ దరఖాస్తు మీద గుమాస్తా వేసే వరుస నంబరు వంటిదే అది. అందులో ఆ శకలపు గుణం గాని, గతి గాని ఏదీ లేదు.

తర్వాత వేర్వేరు సంవత్సరాలలో, సాధారణంగా నాలుగు పర్యాయాలకు తక్కువ కాకుండా, ఆ శకలాన్ని తిరిగి తిరిగి చూడాలి. ఒక్క దేశం వారే చూడాలని లేదు. ఎవరు చూచినా ఆ వివరం ఒక్కచోటికి చేరుతుంది. దాని దారి సందేహం లేకుండా తేలిన తర్వాతనే స్థిరమైన సంఖ్య లభిస్తుంది. సంఖ్య వచ్చిన పిమ్మటనే పేరు ప్రతిపాదించే హక్కు కనుగొన్నవారికి కలుగుతుంది. ఆ హక్కు పదేండ్లు ఉంటుంది. పేరు పదహారు అక్షరాలకు మించరాదు. పలుకటానికి అనువుగా ఉండాలి. వ్యాపార సంస్థల పేర్లు పనికిరావు. రాజకీయ నాయకులు, సేనానులు మొదలైన వారి పేర్లు పెట్టాలంటే వారు గతించి నూరేండ్లు కావాలి. ఆ పేరు ఎందుకు పెడుతున్నారో కొద్ది వాక్యాలలో కారణం వ్రాసి ఇవ్వాలి. అంతర్జాతీయ ఖగోళ శాస్త్ర సంఘానికి చెందిన ఒక ఉపసంఘం పరిశీలించి ఆమోదించాలి. నేటికి సంఖ్య పొందిన శకలాలు 7 లక్షలకు పైబడి ఉన్నాయి. పేరు పొందినవి 25 వేలకు అటూ ఇటూ మాత్రమే. మిగిలినవన్నీ అంకెలుగానే తిరుగుతున్నాయి.

ఈ నియమాలు ఒక్కనాడు ఏర్పడినవి కావు. మొదటి రోజులలో ఈ పేర్ల చరిత్ర కొంత వింతగానే ఉండేది. పియాజీ తన శకలానికి సెరిస్ అనే దేవత పేరుతో పాటు తన రాజు ఫెర్డినాండు పేరును కూడా జోడించాడు. ఇతర దేశాల వారు రాజు పేరు వదిలి దేవత పేరు మాత్రం ఉంచుకొన్నారు. అటు తర్వాత చాలాకాలం శకలాలకు స్త్రీల పేర్లే పెట్టాలనే ఆచారం ఉండేది. ఎంతగా అంటే 1858లో అలెగ్జాండర్ హంబోల్ట్ అనే మహాపండితుని గౌరవించదలచినప్పుడు ఆయన పేరును కూడా అలెగ్జాండ్రా అని స్త్రీలింగంగా మార్చి పెట్టారు. మన సీతాదేవి పేరు కూడా 1884లో వియన్నా నగరంలో యోహాన్ పలీసా కనుగొన్న ఒక శకలానికి ఉన్నది.

ఈ పలీసాయే 1885లో మరొక శకలాన్ని కనుగొన్నాడు. సూర్యగ్రహణం చూడటానికి దూరదేశం పోవాలని ఆయన సంకల్పం. అందుకు డబ్బు కావలసి వచ్చి, పేరు పెట్టే హక్కును యాభై పౌనులకు అమ్మకానికి పెట్టాడు. ఆల్బర్ట్ రోత్‌షిల్డ్ అనే ధనికుడు ఆ సొమ్ము చెల్లించి తన భార్య బెట్టీనా పేరు పెట్టించుకొన్నాడు. ఆ ధనికుడు తర్వాత కూడా వియన్నా వేధశాలకు ఉపకారం చేసినవాడే. 1911లో ఆయన చనిపోయిన సంవత్సరమే పలీసా ఇంకొక శకలాన్ని చూచాడు. దానికి ఆ దాత స్మృత్యర్థం ఆల్బర్ట్ అని పేరు పెట్టారు. కాని కొద్ది రోజులలోనే ఆ శకలం కనబడకుండా పోయింది. పట్టికలలో 719 అనే సంఖ్య ఉన్నది, ఆల్బర్ట్ అనే పేరు ఉన్నది, ఆ పేరుగల శిల మాత్రం ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. 89 ఏండ్లు ఇట్లా గడిచాయి. చివరకు 2000 సంవత్సరంలో అమెరికాలోని ఒక వేధశాల వారికి అది తిరిగి దొరికింది.

దాతలను చిన్నబుచ్చటం నా ఉద్దేశం కాదు. దాతలు లేకపోతే మన కళాశాలకు పై కప్పు ఉండేది కాదు. నేను చెప్పదలచినది ఒక్కటే. పేరు వ్రాయటానికి ఒక్క పూట చాలు. ఆ పేరుగలది ఎక్కడ ఉన్నదో తెలుసుకొంటూ ఉండటానికి ఏండ్ల తరబడి ఓపిక కావాలి. ఓపిక లేనిచోట పేరు రాతిపలక మీద ఉన్నా, హాజరు పట్టికలో ఉన్నా ఒక్కటే.

ఈనాడు ఆ శకలాల నడుమ పండితుల పేర్లకు కొదవ లేదు. సమర్ఖండులో వేధశాల నిర్మించి నక్షత్రాల స్థానాలు నిర్ణయించిన ఉలుగ్ బేగ్ పేరున ఒక శకలం ఉన్నది. మరాఘా వేధశాలకు పెద్దగా ఉన్న నసీరుద్దీన్ తూసీ పేరున ఉన్నది. మన దేశాన్ని గురించి ఉద్గ్రంథం వ్రాసిన అల్ బిరూనీ పేరున ఉన్నది. 2596 సంఖ్యగల శకలం పేరు వేణు బప్పు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆయన చదివినది నిజాం కళాశాలలో. ఆ వేధశాలను 1901లో స్థాపించినవాడు నవాబ్ జఫర్ జంగ్. అక్కడ దూరదర్శిని చూచి పెరిగిన బాలుడు 1949లో హార్వర్డులో విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక తోకచుక్కను కనుగొని, 1979లో అంతర్జాతీయ ఖగోళ శాస్త్ర సంఘానికే అధ్యక్షుడు అయినాడు. కాబట్టి ఈ విషయం మనకు సంబంధించనిదని ఎవరూ అనుకోనవసరం లేదు.

అయితే ఆ పట్టికను కొంచెం నిదానించి చూచిన వారికి ఒక లోటు కనిపిస్తుంది. ఒకప్పుడు అంతా స్త్రీల పేర్లే పెట్టినా అవి ఎక్కువగా దేవతలవి, పురాణ కథలలోని వారివి, రాణులవి, ధనికుల భార్యలవి. తమ పని వలన పేరు తెచ్చుకొన్న స్త్రీలవి తక్కువ. అందులోనూ ఐరోపా జాతులకు చెందని స్త్రీలవి మరీ తక్కువ. ఈ లోటును గమనించినది అమెరికాలోని కేరీ న్యూజెంట్ అనే యువ శాస్త్రవేత్త. ఆమె ఈ మాటను తన పై అధికారిణి అయిన ఏమీ మైంజర్ దృష్టికి తెచ్చింది. మైంజర్ బృందం కనుగొన్న శకలాలు చాలా ఉన్నాయి. పేరు పెట్టే హక్కు తమ చేతిలోనే ఉన్నది. గమనించిన లోటును పూడ్చటానికి వేరెవరినో అడగవలసిన పని లేదు. మైంజర్ మలాలా యూసుఫ్‌జాయ్ పేరును ప్రతిపాదించింది. 2015 ఏప్రిలులో ఆ సంగతి లోకానికి తెలిసింది.

ఆ శకలాన్ని కనుగొన్న విధం కూడా తెలుసుకోదగినది. 2009 డిసెంబరులో అమెరికా వారు వైజ్ అనే ఒక దూరదర్శినిని అంతరిక్షంలోకి పంపారు. దాని అద్దం వెడల్పు 40 సెంటీమీటర్లు మాత్రమే. కాని అది మన కంటికి కనిపించే వెలుగును కాక పరారుణ కిరణాలను, అంటే వేడిని, గ్రహిస్తుంది. మలాలా శకలం సుమారు 4 కిలోమీటర్ల అడ్డుకొలత గలది. దాని ఉపరితలం చాలా నల్లనిది. తన మీద పడిన ఎండలో బహు కొద్ది భాగాన్ని మాత్రమే తిరిగి పంపుతుంది. వెలుగును వెదికే దూరదర్శినికి అటువంటిది సులభంగా చిక్కదు. కాని ఎండలో వేడెక్కిన నల్లరాయి వేడిని దాచుకోలేదు. ఆ వేడిని బట్టి 2010 జూన్ 23వ తేదీన దాన్ని పట్టుకొన్నారు. అది సూర్యుని ఒకసారి చుట్టి రావటానికి అయిదున్నర ఏండ్లు పడుతుంది.

తరగతిలో ముందు వరుసలో కూర్చుని చేయి ఎత్తే విద్యార్థి మనకు వెంటనే కనిపిస్తాడు. వెనుక వరుసలో మాటాడకుండా కూర్చునే పిల్ల కనిపించదు. ఆమెలో వేడి లేదని అనుకోవటం మన కంటి దోషమే గాని ఆమె దోషం కాదు.

మలాలా 1997 జులై 12వ తేదీన పాకిస్తానులోని స్వాత్ లోయలో మింగోరా పట్టణంలో పుట్టింది. తండ్రి పాఠశాల నడిపేవాడు. 1880లో మైవంద్ యుద్ధంలో పాల్గొన్నదని పఠానులు చెప్పుకొనే మలాలయీ అనే వీరయువతి పేరును తండ్రి ఆమెకు పెట్టాడు. 2009 జనవరి 15వ తేదీ నుండి ఆడపిల్లలు బడికి పోరాదని తాలిబాన్లు ఆ లోయలో ఆజ్ఞ ప్రకటించారు. ఆ రోజులలోనే పదకొండేండ్ల మలాలా బి.బి.సి. ఉర్దూ విభాగం కోసం దినచర్య వ్రాసింది. తన పేరు బయటపడితే ప్రాణానికి ముప్పు గావున గుల్ మకై అనే మారుపేరు పెట్టుకొన్నది. మన ఇండ్లలో మాట్లాడే ఉర్దూ భాషలోనే, ఒక బాలిక పేరు దాచుకొని, నేడు బడికి ఎంతమంది వచ్చారో, రేపు ఎంతమంది వస్తారో వ్రాసి పెట్టింది. తరగతిలో సంఖ్య నానాటికీ తగ్గిపోవటం ఆమె గమనించి లోకానికి చెప్పిన సంగతులలో ఒకటి. ఒక విధంగా అది కూడా హాజరు పట్టికే.

2012 అక్టోబరు 9వ తేదీన పరీక్ష వ్రాసి బడి బస్సులో ఇంటికి తిరిగి వస్తుండగా ఆమెపై కాల్పులు జరిగాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో చికిత్స పొంది బ్రతికింది. 2014లో మన దేశానికి చెందిన కైలాస్ సత్యార్థితో కలిసి నోబెల్ శాంతి బహుమానం అందుకొన్నది. అప్పటికి ఆమె వయసు పదిహేడు. ఇంత జరిగినా చదువు ఆపలేదు. 2020లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నుండి పట్టం పుచ్చుకొన్నది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఈ మాట ఉపాధ్యాయుల గదిలో వచ్చినప్పుడు మిత్రుడొకరు "పాశ్చాత్యులు తమకు నచ్చిన ఒక్కరిని ఎత్తిపట్టుకొంటారు. అటువంటి కష్టాలు పడిన వేలమంది పేర్లు ఎవరికి కావాలి?" అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. ఆ నాడు బస్సులో మరి ఇద్దరు బాలికలకు కూడా గాయాలు అయినాయి. వారిని ఎంతమంది తలచుకొంటున్నారు? కాని ఆ ప్రశ్న మనల్నే ముందుగా తాకుతుంది. వేలమంది పేర్లు అమెరికా వారికి అక్కరలేదంటున్నాము, మన పట్టికలోని పదిమంది పేర్లు మనకు కావాలా? ఎవరో దూరాన ఉన్నవారు ఒక్క పేరైనా పట్టించుకొన్నారు. మన పిల్లల పేర్లు పట్టించుకోవలసిన వారము మనమే.

మరొకరు "కంటికి కూడా కనబడని రాతికి పేరు పెడితే ఎవరి కడుపు నిండుతుంది?" అన్నారు. ఎవరి కడుపూ నిండదు. ఆ పేరు వలన మలాలాకు కూడా ఒరిగేదేమీ లేదు. పేరు పెట్టినందువలన మేలు కలిగేది పెట్టించుకొన్నవారికి కాదు, పెట్టినవారికి. తమ పట్టికలో లోటు ఎక్కడ ఉన్నదో మైంజర్ బృందం చూచుకొన్నది. చూచుకొని, తమ చేతిలో ఉన్నంత మేరకు సరిదిద్దుకొన్నది. మనం కూడా అంతే చేయాలని నా మనవి.

పాలకవర్గ పెద్దలకు మూడు సంగతులు విన్నవించుకొంటాను. మొదటిది, ఏ విద్యార్థిని గాని విద్యార్థి గాని వరుసగా పది రోజులు రాకపోతే, ఉపాధ్యాయులలో ఒకరు, అమ్మాయి అయితే తప్పనిసరిగా ఒక ఉపాధ్యాయిని, ఇంటికి పోయి విచారించాలి. ఇందుకు ఖర్చు ఏమీ లేదు, బస్సు చార్జీలు తప్ప. రెండవది, హాజరు పట్టికలో కారణం అని ఒక గడి పెట్టాలి. ఆ గడిలో కారణం వ్రాయకుండా ఎవరి పేరు మీదా ఎర్రగీత గీయరాదు. ఆకాశంలోని రాతికి పేరు పెట్టటానికే కారణం వ్రాసి ఇవ్వమని అడుగుతున్నారు. మనిషి పేరు కొట్టివేయటానికి కారణం అడగటం ఎక్కువ కాదు. మూడవది, ఏటా జూన్‌లో కాలపట్టిక తయారు చేసేటప్పుడు పరిసర గ్రామాలకు పోయే బస్సుల వేళలను ఎదుట పెట్టుకోవాలి. పదిహేను నిమిషాల విలువ ఎంతో పైన చెప్పాను.

ఈ మూడూ పెద్ద పనులు కావు. కొత్త భవనం కట్టటం కంటె, ద్వారం మీద పేరు చెక్కించటం కంటె సులభమైనవి. అయితే ఇవి ఒక్కనాటితో తీరేవి కావు. ఏటేటా, నెలనెలా చేస్తూ ఉండవలసినవి. అందువలననే ఎవరూ వీటికి ప్రారంభోత్సవం చేయరు.

ప్రియ విద్యార్థినులారా, విద్యార్థులారా! ఆ నల్లని శిల సూర్యుని ఒకసారి చుట్టి రావటానికి అయిదున్నర ఏండ్లు పడుతుందని చెప్పాను. పదవ తరగతి ముగించిన విద్యార్థిని ఇంటర్మీడియట్ రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు చదివి ఫలితాల కోసం ఎదురుచూచే కాలం కూడా ఇంచుమించు అంతే. ఆ దారిలో సగంలో ఆగిపోయే వారిని మా కంటె ముందు మీరే చూస్తారు. మీ ప్రక్కన కూర్చునే స్నేహితురాలు మూడు రోజులు రాకపోతే మాకు చెప్పండి. "ఇక రాదు సార్" అని నాతో చెప్పిన అమ్మాయికి కారణం తెలిసే ఉంటుంది. నేను అడిగి ఉంటే చెప్పేది. ఇకముందు నేను అడగటం మరచినా మీరు చెప్పటం మానవద్దు.

ఆ విద్యార్థిని ఇప్పుడు తన ఊరిలోనే బట్టలు కుడుతున్నదని విన్నాను. దూరవిద్య ద్వారానైనా డిగ్రీ పూర్తిచేయవచ్చునని ఆమె తండ్రికి చెప్పి వచ్చాను. ఆయన ఆలోచిస్తానన్నాడు. వచ్చే నెల మరల పోయి అడుగుతాను. ఒక్కసారి అడిగి ఊరుకొంటే చాలదని ఆ శిల కథ వలన నేర్చుకొన్నాను.